కల్చర్ లేకుండానే యాంటీబయాటిక్: శ్రీకాకుళం జిల్లా అధికారులకు, మందుల షాపులకు, ఆర్‌ఎంపీలకు బహిరంగ లేఖ

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, ఔషధ నియంత్రణ శాఖ అధికారులకు, మందుల షాపుల యజమానులకు, ఊళ్లలో వైద్యం చేస్తున్న ఆర్‌ఎంపీలకు

నమస్కారం.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ల్యాబులో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. సొంతూరు ఉద్దానం ప్రాంతంలో. మూత్రంలో ఇన్ఫెక్షన్లకు వాడే మందులు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తున్నాయని, కల్చర్ పరీక్ష (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) పల్లెవాళ్లకు అందేలా చేయాలని, డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మకుండా చూడాలని అర్జీ పెట్టుకున్నాను. కొన్నాళ్లకు ఫోన్‌కి మెసేజి వచ్చింది: "మీ అర్జీ సంబంధిత శాఖకు పంపడమైనది." ఆ తర్వాత ఇంకోటి: "మీ అర్జీ పరిష్కరించబడినది." ఏం పరిష్కరించారని అడుగుదామంటే చెప్పే మనిషి దొరకలేదు. అందుకే అదే సంగతి ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఇది ఏ ఒక్క ఆసుపత్రి మీదో, ఏ ఒక్క షాపు మీదో ఫిర్యాదు కాదు.

ముందు మా బల్ల మీద కనిపించేది చెప్తాను. మూత్రం నమూనాను ప్లేటు మీద సన్నగా గీసి రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచితే, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లదైతే తెల్లారేసరికి బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది. మ్యాకాంకీ ప్లేటు మీద గులాబీ రంగు చుక్కలు తేలాయంటే చాలాసార్లు అది ఈ-కొలై. మన పేగుల్లో ఎప్పుడూ ఉండేదే, మూత్రనాళంలోకి చేరితేనే తంటా. దాన్ని ఇంకో ప్లేటు నిండా పరిచి, ఒక్కో మందు ఇంకిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. మందు పనిచేస్తే మర్నాటికి ఆ బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. దాన్ని స్కేలుతో కొలిచి, లొంగితే 'ఎస్', లొంగకపోతే 'ఆర్' అని రాస్తాం. లొంగనప్పుడు బ్యాక్టీరియా బిళ్ళ అంచుదాకా వచ్చి ఆనుకుని ఉంటుంది. నేను ఈ పనిలో చేరిన కొత్తలో సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ చుట్టూ వలయం రాకపోతే పక్కవాళ్లను పిలిచి చూపించేవాళ్లం. ఇప్పుడు వలయం వస్తే పిలుస్తున్నాం.

సిప్రోతోనే ఆగలేదు. సెఫిక్సిమ్ బిళ్ళలకు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లకు కూడా 'ఆర్'లు పడుతున్నాయి. ఆ మందులను ముక్కలు చేసే ఎంజైములు బ్యాక్టీరియా తయారుచేసుకుంటోంది. ఆ విద్య తన నుంచి పుట్టిన బ్యాక్టీరియాకే కాదు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా జన్యువుల ద్వారా అందిస్తుంది. మొన్నొక కుర్రాడు వాళ్లమ్మ రిపోర్టు తీసుకుని వరసగా ఉన్న 'ఆర్'లు చూసి, "ఇవన్నీ ఏటండి, బాగానే ఉన్నట్టా?" అని అడిగాడు. డాక్టరుగారికి చూపించమని మాత్రమే నేను చెప్పగలను. అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు.

ఇది మా ఒక్క ల్యాబు గొడవైతే ఇంత పొడుగు ఉత్తరం రాయను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2013 నుంచి దేశంలోని పెద్దాసుపత్రుల ల్యాబులను కలిపి ఈ లెక్కలు తీస్తోంది. వాళ్ల నివేదిక ప్రకారం 2016లో ఈ-కొలై నమూనాల్లో 86 శాతం ఇమిపెనెమ్‌కు లొంగేవి, 2021కి అది 64 శాతానికి పడిపోయింది. క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా విషయంలో 65 నుంచి 43కి దిగింది. ఇమిపెనెమ్ ఊళ్లో దొరికే బిళ్ళ కాదు, మిగతావన్నీ చేతులెత్తేసినప్పుడు ఆసుపత్రిలో నరానికి ఎక్కించే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో ఇచ్చిన నివేదిక చూస్తే, 2023లో ప్రపంచం మొత్తం మీద ల్యాబులో తేలిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఆరింట ఒకటి యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింట ఒకటి. 2025 డిసెంబరు 'మన్ కీ బాత్'లో ప్రధాని కూడా న్యుమోనియా, యూటీఐల (మూత్రనాళ ఇన్ఫెక్షన్ల) పేరెత్తి, యాంటీబయాటిక్స్ వీటి మీద బలహీనపడుతున్నాయని ఐసీఎంఆర్ చెప్పిన మాటే చెప్పారు.

ఒక మాట ఒప్పుకోవాలి. పెద్దాసుపత్రులకు చేరేవి ముదిరిన కేసులు. కల్చర్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే రెండు మూడు రకాల మందులు మింగి వచ్చినవాళ్లు. కాబట్టి మొదటిసారి మూత్రంలో మంట వచ్చిన మనిషి విషయంలో పరిస్థితి ఇంత ఘోరంగా ఉండదు. జనాన్ని బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు. మన జిల్లా లెక్క డాక్టర్ల ముందు లేకుండా మందులు రాయాల్సి వస్తోందన్నదే నా బాధ. ఇక ఎవరికి ఏం జరుగుతోందో, మిమ్మల్ని ఏం అడుగుతున్నానో వరసగా రాస్తున్నాను.

1. పలాస వైపు జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే, పప్పు వలిచే పని ఎక్కువగా ఆడవాళ్లదే. లేచిన కొద్దీ పని తగ్గుతుంది, పని తగ్గితే కూలి తగ్గుతుంది. అందుకని నీళ్లు తక్కువ తాగుతారు, మూత్రం ఆపుకుంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఆడవాళ్లలో సగంమందికి జీవితంలో ఒక్కసారైనా వచ్చేదే, వీళ్లకు మళ్లీ మళ్లీ వస్తుంది. సిగ్గు కొద్దీ డాక్టరు దాకా వెళ్లరు. సాయంత్రం ఇంటికెళ్తూ మందుల షాపు దగ్గర ఆగి గొంతు తగ్గించి, "మంటగుంది బాబూ, రెండు బిళ్ళలియ్యి" అంటారు. చేతికొచ్చేది ఒక్కోసారి ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్ళ. ఇందులో ఆర్నిడజోల్‌కు ఈ-కొలైతో సంబంధమే లేదు. నాలుగు బిళ్ళలు మింగేసరికి మంట తగ్గుతుంది, అక్కడితో ఆపేస్తారు. తేలిగ్గా చచ్చేవి చచ్చి, మొండివి మిగులుతాయి. ఈసారి వచ్చే మంట వాటిదే. అప్పుడు ఇంజెక్షన్లు, సెలైన్లు, పోయిన కూలి రోజులు, వడ్డీకి తెచ్చిన డబ్బు.

చట్టం లేక కాదు. షెడ్యూల్ హెచ్ అనే ప్రభుత్వ జాబితాలో ఉన్న మందును రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే ఇంకో జాబితా అమల్లో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లెవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ వంటివి అందులో ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఔషధ నియంత్రణ అధికారులను నేను అడిగేది ఒక్కటే. ఆ రిజిస్టర్లు తెరిచి చూడండి. షాపుకు వచ్చిన సరుకు బిల్లులు, రిజిస్టరులో రాసిన అమ్మకాలు పక్కపక్కన పెట్టండి. ఎన్ని షాపులు తనిఖీ చేశారో, ఎన్నింట్లో తేడా కనిపించిందో మూడు నెలలకోసారి ప్రకటించండి. షాపుల పేర్లు మాకు అక్కర్లేదు, అంకెలు చాలు.

2. ఇది నా సొంత ప్రాంతం గోడు, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే "క్రియాటినిన్ ఎంతుంది?" అని (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష అంకె అది) ఒకరినొకరు అడుగుతారు, వేరే ఊళ్లలో వర్షం గురించి అడిగినట్టు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు యూటీఐ కారణమని నేను అనడం లేదు. దాని అసలు కారణం మీద పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. నీళ్ల కోసం హిరమండలం నుంచి పైపులు వేశారు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. అవి మంచి పనులే. నేను చెప్పేది ఆ కిడ్నీలున్న మనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పటి సంగతి.

నైట్రోఫ్యూరాంటోయిన్ అని 1950ల నాటి బిళ్ళ ఒకటుంది. మూత్రాశయం ఇన్ఫెక్షన్లలో ఈ-కొలై మీద నేటికీ బాగా పనిచేస్తోంది, మా ప్లేట్ల మీద కూడా కనిపిస్తోంది. కానీ అది కిడ్నీలు వడగట్టి మూత్రంలోకి పంపితేనే పనిచేసే మందు. కిడ్నీల వడపోత అంకె (ఈజీఎఫ్ఆర్) 30 కంటే తక్కువకు పడిపోయినవాళ్లకు సాధారణంగా దాన్ని వాడరు. మూత్రంలోకి చాలినంత చేరదు, ఒంట్లో పేరుకుని నరాలను దెబ్బతీయవచ్చు. పోనీ అమికాసిన్ ఇంజెక్షన్ చూద్దామా? ప్లేటు మీద దాని చుట్టూ ఎక్కువసార్లు చక్కటి వలయమే వస్తుంది. రిపోర్టులో నేను 'ఎస్' అనే రాస్తాను. కానీ అది కిడ్నీని దెబ్బతీయగల మందు. ఆఖరి మందుగా దాచుకున్న కొలిస్టిన్ కూడా అంతే. మామూలు మనిషికి నాలుగు మందులు పోయినా అయిదోది దొరుకుతుంది. ఉద్దానం మనిషికి అయిదోదాన్ని కిడ్నీ ఒప్పుకోదు. సిప్రో, సెఫిక్సిమ్ లాంటి మామూలు బిళ్ళలు పాడైపోతే రాష్ట్రంలో అందరికంటే ముందు నష్టపోయేది వీళ్లే. మీరు దీన్ని ఉద్దానం సమస్యలో భాగంగా చూడాలి.

కాబట్టి ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుమానం వస్తే కల్చర్‌కు నమూనా తీశాకే మొదటి డోసు ఇవ్వాలని లిఖితపూర్వకంగా ఆదేశించండి. జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగమని కాదు. నమూనా తీయడానికి అయిదు నిమిషాలు పడుతుంది, తీసి మందు మొదలుపెట్టండి. రెండు రోజుల తర్వాత రిపోర్టు చూసి మార్చుకోవచ్చు. మందు మొదలయ్యాక తీసిన నమూనాలో చాలాసార్లు ఏమీ పెరగదు. ఆ రిపోర్టు చూసి ఇన్ఫెక్షన్ లేదనుకుంటే ఇంకో ప్రమాదం.

3. గర్భిణులకు మంట లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉండొచ్చు. వదిలేస్తే కిడ్నీల దాకా పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది. గర్భంలో సిప్రో లాంటివి వాడరు కాబట్టి వీళ్లకు కూడా మిగిలేవి కొన్నే మందులు. మొదటి మూడు నెలల చెకప్‌లోనే కల్చర్ కలపండి.

4. ఇది డాక్టర్లకు, నెమ్మదిగానే చెప్తున్నాను. మూత్ర పరీక్ష రిపోర్టులో "పస్ సెల్స్ (చీము కణాలు) 10-12" అన్న ఒక్క ముక్క మీద యాంటీబయాటిక్ రాయడం తగ్గించండి. డయాబెటిస్ ఉన్న ముసలావిడ మోకాళ్ల నొప్పులకు వస్తే మామూలు మూత్ర పరీక్ష చేయించడం, చీము కణాలు కనిపించాయని అయిదు రోజుల కోర్సు రాయడం రోజూ చూస్తున్నాం. మంట లేదు, జ్వరం లేదు, మూత్రం మాటిమాటికీ రావడం లేదు. అలాంటప్పుడు గర్భిణులకు, మూత్రనాళాల ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు చికిత్స అక్కర్లేదని మీ పుస్తకాలే చెబుతున్నాయి. మూత్రం గొట్టం (కాథెటర్) వేసుకుని ఉన్నవాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా కొద్దిరోజులకే ఎలాగూ చేరుతుంది. దాన్ని చూసి మందు మొదలుపెడితే పెంచేది మొండి బ్యాక్టీరియానే.

5. కల్చర్ బయట చేయిస్తే అయిదారు వందలవుతుంది. మందస నుంచి శ్రీకాకుళం వచ్చి నమూనా ఇచ్చి, మళ్లీ రిపోర్టుకు రావాలంటే రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు. అందుకే ఎవరూ చేయించుకోరు. దీనికి ప్రతి పీహెచ్‌సీలో ల్యాబు కట్టనక్కర్లేదు. నమూనా అక్కడ తీసి పెద్ద ల్యాబుకు పంపితే చాలు.

అడ్డం ఎక్కడంటే, మూత్రాన్ని ఫ్రిజ్ లేకుండా బయట రెండు గంటలకు మించి ఉంచితే అందులో బ్యాక్టీరియా దానంతటదే పెరిగిపోయి రిపోర్టు తప్పుగా వస్తుంది. బోరిక్ యాసిడ్ వేసిన సీసాల్లో తీస్తే ఒక రోజు పాటు ఆగుతుంది, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ సీసాలు కొనండి. వ్యాక్సిన్ల కోసం కోల్డ్ చైన్ నడుపుతున్న శాఖకు ఇది పెద్ద పని కాదు. వారానికి కనీసం మూడు రోజులు నమూనాలు తీసుకెళ్లే బండి పెట్టండి. రిపోర్టు ఫోన్‌కు పంపండి. మొదట వచ్చేది వదిలేసి మధ్య ధారలో మూత్రం ఎలా పట్టాలో ఏఎన్ఎంలకు, ఆశాలకు తెలుగులో రాసిన ఒక్క కాగితం ఇవ్వండి. మా దగ్గరకొచ్చే నమూనాల్లో మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా కలిసి పెరిగేవి తక్కువేమీ కాదు. అవి పట్టడంలో తేడా వల్లే, అంత డబ్బూ వృథా.

ఇంకోటి. నైట్రోఫ్యూరాంటోయిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఏ పీహెచ్‌సీలోనూ అది లేదన్న మాట రాకూడదు.

6. జిల్లా యాంటీబయోగ్రామ్ ప్రకటించండి. మన దగ్గర మూత్రంలో దొరికిన బ్యాక్టీరియా ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చెప్పే ఒక పేజీ పట్టిక అది. ప్రభుత్వ ల్యాబులతో పాటు మాలాంటి ప్రైవేటు ల్యాబుల ఫలితాలను కూడా పేర్లు తీసేసి తీసుకోండి. లెక్క కట్టే పద్ధతి అందరికీ తెలిసిందే: ఒక్కో రోగి నుంచి మొదటి నమూనా మాత్రమే తీసుకోవాలి, ఒక్కో జాతికి 30కి తగ్గకుండా ఉండాలి, ఏడాదికోసారి తాజా చేయాలి. వార్డులో ఉన్నవాళ్లవి, ఓపీకి వచ్చినవాళ్లవి వేరుగా చూపించండి, లేకపోతే నేను పైన చెప్పిన తేడా వల్ల అంకె తప్పుదోవ పట్టిస్తుంది. ఆ పేజీని అచ్చు వేసి ప్రతి పీహెచ్‌సీ డాక్టరు బల్ల మీద, ప్రతి ప్రైవేటు క్లినిక్‌లో పెట్టండి.

7. ఆర్‌ఎంపీ అన్నలకు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది మీరే. మిమ్మల్ని తరిమేస్తే ఆ పల్లెల్లో జ్వరం చూసేవాడు ఉండడని నాకు తెలుసు, కేసులు పెట్టమని నేను అడగడం లేదు. కానీ మూత్రంలో మంట అన్న మనిషికి మొదటి రోజే సెఫ్ట్రియాక్సోన్ సూది, దానితో పాటు డైక్లోఫెనాక్ సూది వేయకండి. ఆ రెండోది ఉద్దానంలో అసలు వద్దు, నొప్పి సూదులు కిడ్నీకి ఏం చేస్తాయో మీకు చెప్పాల్సిన పని లేదు. సూది వేయకపోతే రోగి ఇంకొకరి దగ్గరకు పోతాడని అంటారు. నిజమే, పోతాడు. అందుకే మీ మండలంలో అందరూ ఒక మాట మీద ఉండాలి. వైద్యశాఖ మీకోసం ఒక పూట శిక్షణ పెట్టి, ఎవరిని ఎప్పుడు పంపాలో చెప్పాలని నేను అధికారులను కోరుతున్నాను. మిమ్మల్ని గుర్తించినట్టవుతుందన్న భయంతో వాళ్లు వెనకాడకూడదు.

8. కోళ్లఫారాలు, రొయ్యల చెరువుల్లో పోసే యాంటీబయాటిక్స్ మీద పశుసంవర్ధక, మత్స్య శాఖలు కూడా కూర్చోవాలి. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ ఇవ్వడాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది. అది ఇక్కడ ఎక్కడైనా దొరుకుతోందా లేదా చూసి చెప్పండి.

కేరళ 2018లోనే యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక పెట్టుకుంది, 2024లో చీటీ లేని అమ్మకాల మీద 'ఆపరేషన్ అమృత్' పేరుతో దాడులు మొదలుపెట్టింది. మన రాష్ట్రానికీ ప్రణాళిక ఉంది. జిల్లాలో దాన్ని అమలు చేసే బాధ్యత ఏ అధికారిదో పేరుతో సహా ప్రకటించండి.

పై ఎనిమిదింటిలో ఈ ఏడాది చేయగలిగినవి ఏవి, డబ్బు లేక చేయలేనివి ఏవి, మీ పరిధిలో లేనివి ఏవి అన్నది నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాను. అన్నీ ఒకేసారి కుదరవంటే ఉద్దానం మండలాల్లో కల్చర్ నమూనాల సేకరణతో మొదలుపెట్టండి. ఏఎన్ఎంలకు, స్టాఫ్ నర్సులకు నమూనా పట్టడం, సీసా మీద వివరాలు రాయడం, ఫ్రిజ్‌లో పెట్టడం నేర్పడానికి మనుషులు లేరంటే నేను వస్తాను. ఇంకొందరు టెక్నీషియన్లను కూడా అడిగాను, ఆదివారాలు వస్తామన్నారు. జీతం అక్కర్లేదు, సీసాలు మీరు తెప్పిస్తే చాలు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
శ్రీకాకుళం